సైకిలునకు దీపము కలదా?

చివరి గంట మ్రోగిన పిదప మన పాఠశాల సైకిళ్ల షెడ్డు ప్రక్కను కొంతసేపు నిలుచుట నాకు అనేక సంవత్సరములనుండి అలవాటు. బాలబాలికలు తమ సంచులను క్యారియరులకు బిగించుకొని, ఒకరినొకరు పిలుచుకొనుచు, గేటు దాటి పోవుట కన్నులపండువుగా నుండును. కొందఱు ఊరిలోనివారే, కొందఱు కాలువ గట్టు వెంబడి ఐదాఱు కిలోమీటర్లు పోవలసినవారు. ఆ సైకిళ్లలో వెనుక దీపము గలవానిని లెక్కించుటకు ఒక చేతి వ్రేళ్లు చాలును. ఈ సంగతిని నేను ప్రతిదినమును చూచుచుంటిని. చూచియు నేమియు ననకుంటిని. ఆ మౌనమునకు ప్రాయశ్చిత్తముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నిరుడు డిసెంబరు నెలలో పదియవ తరగతివారికి సాయంకాలపు ప్రత్యేక తరగతులు జరుగుచుండెను. ఆ నెలలో మన ప్రాంతమున ఐదున్నరకే సూర్యుడు క్రుంకును. ఒకనాడు లెక్కలు ముగించి పిల్లలను విడుచునప్పటికి ఆఱు గంటలు దాటినది. కాలువ దారిని పోవు బాలుడొకడు ముదురు నీలపు దుస్తులతో, దీపము లేని సైకిలుపై బయలుదేఱెను. ఊరు దాటిన మలుపునొద్ద వెనుకనుండి చిన్న లారీ యొకటి వచ్చెను. నడుపువాడు కడపటి క్షణమున బాలుని చూచి బండిని ప్రక్కకు త్రిప్పెను గాని దాని యంచు సైకిలునకు తగిలెను. పిల్లవాడు గట్టు క్రిందికి దొర్లిపడెను. తొడ యెముక విఱిగినది. దేవుని దయవలన ప్రాణము దక్కినది. ఆ యేటి పరీక్ష మాత్రము దక్కలేదు.

ఆ రాత్రి ఆసుపత్రి వసారాలో ఆ లారీ నడుపువాడు పాఱిపోక తలవంచుకొని కూర్చుండి యుండెను. నన్ను చూచి లేచి, "మాష్టారూ, నా తప్పు లేదని చెప్పనండి. కాని బాబు నాకు కనబడలేదండి" అనెను. ఆ మాటకు నేను బదులు చెప్పలేకపోతిని. పొద్దుపోవువఱకు పాఠము చెప్పినవాడను నేను. ఆ సైకిలునకు దీపము లేదని ఎఱిగినవాడను నేను. ఇంటికి వచ్చి నా సైకిలును వెలుతురులో పెట్టి చూచుకొంటిని. దానికిని దీపము లేదు.

మన పెద్దలు పాతకాలపు ముచ్చట యొకటి చెప్పుదురు. ఆ రోజులలో మునిసిపాలిటీవారు సైకిలునకు పన్ను కట్టించుకొని రేకు బిళ్ల యొకటి ఇచ్చెడివారట. చీకటి పడిన వెనుక దీపము లేక పోవువానిని పోలీసు జవాను నిలిపి "సైకిలునకు దీపము కలదా?" అని యడిగెడివాడట. లేదన్నచో జరిమానా విధించుటయో, చక్రములలోని గాలి తీసి నడిపించి పంపుటయో జరిగెడిదట. నూనె దీపము నొక చేత పట్టుకొని యొంటిచేత సైకిలు త్రొక్కిన తాతగారి కథలు మన యిండ్లలో ఇప్పటికిని వినబడుచున్నవి. మనము నవ్వుకొందుము. కాని ఆ ప్రశ్నలో గల మేలును మఱచితిమి. త్రోవమీద సైకిలు కూడ బండియేయని ఆ జవాను గుర్తించెను. గుర్తించెను గనుకనే యడిగెను. నేడు ఆ ప్రశ్న యడుగువారు లేరు. సైకిళ్ల బిళ్లలు పోయినవి. వానితో ప్రశ్నయు పోయినది.

నేటి చట్టమేమి చెప్పుచున్నదని పిల్లలు నన్నడుగుచుందురు. మన దేశమున 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము మోటారు బండ్లకు సంబంధించినది. సైకిలు మోటారు బండి గాదు. కావున దానికి రిజిస్ట్రేషను లేదు, భీమా లేదు, త్రొక్కువానికి లైసెన్సు లేదు. ఆ చట్టపు 129వ సెక్షను హెల్మెట్టు ధరింపవలసినదని శాసించునది మోటారు సైకిళ్లవారిని మాత్రమే. 2019లో చట్టమును సవరించినప్పుడు, మోటారు లేని బండ్లను గూర్చియు పాదచారులను గూర్చియు రహదారి క్షేమము కొఱకు నియమములు చేయు అధికారమును రాష్ట్ర ప్రభుత్వములకు ఇచ్చిరి. మోటారు నడుపువారికై 2017లో వెలువడిన నియమములలో సైకిలువారి పక్షముననే మాటలు గలవు. పాదచారులు, సైకిలువారు, పిల్లలు, వృద్ధులు మొదలగు బలహీనుల యెడ నడుపువారు ప్రత్యేక శ్రద్ధ వహింపవలెనని యొకటి. కాలిబాటపైనను సైకిళ్లకు ప్రత్యేకించిన బాటపైనను మోటారు నడుపరాదని మఱియొకటి.

ఇట్లు సైకిలువానికి చట్టము కొంత రక్షణ మిచ్చుచున్నది గాని వానికి పరీక్ష పెట్టుట లేదు. మోటారు నడుపగోరువాడు పదునెనిమిదేండ్లు నిండువఱకు ఆగవలెను, గుర్తులు నేర్వవలెను, అధికారి యెదుట నడిపి చూపవలెను. సైకిలు త్రొక్కు పదియేండ్ల పిల్ల అదే రోడ్డుమీదికి, అవే లారీల నడుమకు, ఎవరును ఏమియు నడుగకుండ పోవుచున్నది. ఈ స్వేచ్ఛను నేను నిందింపను. పేదవాని బండికి పన్నును లైసెన్సును పెట్టుట నాకు సమ్మతము గాదు. నేను చెప్పగోరునది యొక్కటియే: చట్టము అడుగని ప్రశ్నను తల్లిదండ్రులును పాఠశాలయు అడిగి తీరవలెను. మనమును అడుగనిచో, ఆ ప్రశ్న నడుగునది లారీయే.

లెక్కల మాష్టరును గాన ఒక లెక్క చెప్పెదను. గంటకు అఱువది కిలోమీటర్ల వేగముతో వచ్చు బండి సెకనునకు సుమారు 17 మీటర్లు పోవును. ఎదుట నేదో యున్నదని గ్రహించి నడుపువాడు బ్రేకు త్రొక్కుటకు ఒకటిన్నర సెకను పట్టిన, ఆ లోపలనే బండి 25 మీటర్లు పోయినది. బ్రేకు పట్టిన పిదప పొడి రోడ్డుపైనను నిలుచుటకు ఇంకొక 20 మీటర్లు కావలెను. మొత్తము 45 మీటర్లు. వర్షము కురిసినను, బండిపై బరువున్నను ఇంకను ఎక్కువ. దించిన దీపపు వెలుతురులో ముదురు రంగు దుస్తుల మనిషి అంత దూరమునుండి కనబడునని ఎవరు పూచీపడగలరు? చిన్న ఎఱ్ఱ దీపమైనచో నూర్ల మీటర్ల దూరమునుండి కనబడును. దాని వెల రెండు సినిమా టిక్కెట్ల వెలకు మించదు.

వెనుక రిఫ్లెక్టరు ఉన్నది గదా, చాలదా యని కొందఱడుగుదురు. సైకిళ్ల రిఫ్లెక్టరులు భారతీయ ప్రమాణములకు లోబడి యుండవలెనని 2020లో కేంద్ర ప్రభుత్వము ఉత్తరువు చేసినది. అది మంచి పనియే. రిఫ్లెక్టరు తప్పక యుండవలెను, దుమ్ము తుడుచుచుండవలెను. కాని రిఫ్లెక్టరునకు సొంత వెలుగు లేదు. తనమీద పడిన వెలుగును తిరిగి పంపును, అంతే. మలుపునొద్ద లారీ దీపము నేరుగా పడనిచో అది చీకటిరేకు. దీపము స్వయముగా వెలుగును. పూర్వపు డైనమో దీపములు సైకిలు నిలిచినప్పుడు ఆఱిపోవుచుండెను. నేటి బ్యాటరీ దీపములకు ఆ లోపము లేదు. ముందు తెల్లనిది, వెనుక ఎఱ్ఱనిది: ఈ రెండును ఉండవలెను. ముందు దీపము త్రోవలోని గుంటను మనకు చూపును. వెనుక దీపము మనలను ఇతరులకు చూపును.

మఱొక లెక్క. కొందఱు పిల్లలు రోడ్డు దాటు శ్రమ యెందుకని కుడిప్రక్కననే ఎదురుగా పోవుదురు. "ఎదుటివాడు మాకు కనబడును గదా, అదే క్షేమము" అని వాదింతురు. పదునైదు కిలోమీటర్ల వేగముతో పోవు సైకిలును అఱువది కిలోమీటర్ల బండి వెనుకనుండి సమీపించునప్పుడు వాని నడుమ దూరము గంటకు 45 కిలోమీటర్ల చొప్పున తఱుగును. ఎదురుగా వచ్చునప్పుడు 75 చొప్పున తఱుగును. నూఱు మీటర్ల యెడమున్నదనుకొందము. మొదటిదానిలో ఎనిమిది సెకనుల వ్యవధి గలదు. రెండవదానిలో ఐదు సెకనులైనను లేదు. అంతియేకాదు, ప్రక్క వీధినుండి వచ్చువాడు తనకు కుడివైపునుండి రావలసిన బండికై చూచునేగాని, రాగూడని వైపునుండి వచ్చు సైకిలునకై చూడడు. కాబట్టి ఎడమప్రక్కనే పోవలెను. కుడికి తిరుగదలచినప్పుడు ముందుగా వెనుకకు చూచి, కుడిచేయి చాచి, దారి యున్నదని తెలిసికొని తిరుగవలెను. కాలిబాట నడచువారిది, దానిమీదికి పోవలసివచ్చినచో దిగి నడిపించుకొని పోవలెను. మోటారువాడు మన బాటలోనికి వచ్చిన మనకు కోపము వచ్చును గదా! మనము ముసలమ్మ నడచు బాటలోనికి పోయిన ఆమెకును అట్లే యుండును.

ఇక సైకిలు కొను తండ్రులకు రెండు మాటలు. అంగడిలో గేర్లును స్ప్రింగులును గల బండ్లు మెఱయుచుండును. మన డెల్టా నేల చదును; గేర్ల అవసరము స్వల్పము. చెడిపోయిన భాగము మన ఊరి సైకిలు షాపులో దొరకునా యని ముందుగా విచారింపుడు. మడ్‌గార్డులు, చైనుకవరు, క్యారియరు, స్టాండు లేని బండి బడికి పనికిరాదు. పెరుగు పిల్లవాడని పెద్ద సైకిలు కొనుట మఱియొక పొరపాటు. సీటుపై కూర్చుండి మడమను క్రిందికి దిగిన పెడలుపై నుంచినప్పుడు కాలు ఇంచుమించు తిన్నగా రావలెను. నిలిచినప్పుడు కాలివ్రేళ్లు నేల నందవలెను. సీటును పైకెత్తుకొనవచ్చును గాని చట్రమును చిన్నది చేయలేము.

బ్రేకులు రెండును పట్టవలెను. ముందు బ్రేకు వేసిన బోర్లపడుదుమని భయపడి వెనుకదానినే వాడు పిల్లలు అనేకులు. బండి ఆగునప్పుడు బరువు ముందునకు వాలును గాన ముందు చక్రమే ఎక్కువగా ఆపగలదు. రెంటిని కలిపి, మెల్లగా, క్రమముగా నొక్కవలెను. ఇసుకమీదను మలుపులోను ముందు బ్రేకును గట్టిగా పట్టరాదు. వానలో ఇనుప రిమ్ములు తడిసినచో బ్రేకు ఆలస్యముగా పట్టును. కనుక ముందుగానే తేలికగా నొక్కి నీటిని తుడిచివేయవలెను. టిఫిను క్యారియరును హ్యాండిలునకు వ్రేలాడదీయరాదు. అది ఊగి హ్యాండిలును లాగును. ఓణీ చివరలును చున్నీలును చక్రమున చిక్కుకొనకుండ ముడివేసికొనవలెను. హెల్మెట్టును చట్టము అడుగకపోయినను తల అడుగుచున్నది.

మన బాలికలను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. బీహారు రాష్ట్రమున 2006లో ఉన్నత పాఠశాలలో చేరు బాలికలకు సైకిళ్లనిచ్చు పథకము ప్రారంభమైనది. దానివలన బాలికల చేరిక 32 శాతము పెరిగినదని 2017లో ప్రకటింపబడిన అర్థశాస్త్ర పరిశోధన యొకటి తేల్చినది. మన రాష్ట్రమునను కొన్ని యేండ్ల క్రిందట ప్రభుత్వమువారు ఉన్నత పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంచిరి. దూరమను గోడను సైకిలు పడగొట్టినది. అట్టి సైకిలు ఒక ప్రమాదముతో భయకారణమైనచో, మొదట చదువు మానునది ఆడుపిల్లయే. నిరుటి సంగతి జరిగిన వారములోనే ఇద్దఱు తండ్రులు వచ్చి, "మా అమ్మాయిని ఇక పంపమండి" అనిరి. వారిని ఒప్పించుటకు నాకు రెండు నెలలు పట్టినది. కావున దీపమును గూర్చి మాటలాడుట చదువును గూర్చి మాటలాడుటయే.

"మాష్టారూ, తప్పంతయు సైకిలువానిపై వేయుచున్నారు. వేగముగా వచ్చువానిని, గుంతల రోడ్డును ఏమియు ననరా?" అని ఒక స్నేహితుడు నన్నాక్షేపించెను. ఆ ఆక్షేపణలో న్యాయమున్నది. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది చనిపోయిరని కేంద్ర ప్రభుత్వపు నివేదిక చెప్పుచున్నది. వారిలో సైకిలువారు నాలుగువేలకు పైబడినవారు. వీరందఱును దీపము లేకయే చనిపోలేదు. హైదరాబాదులో అవుటరు రింగు రోడ్డు ప్రక్కను సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాటను 2023లో తెఱచిరి. నీడయు వెలుగును గల అట్టి బాటను చూచి సంతోషించితిని. కాని బడికి పోవు పిల్లల కాలువ గట్టులకు ఒక వీధిదీపమైనను, మలుపునొద్ద ఒక కంచెయైనను రావలెనని కోరుట మన హక్కు, పంచాయతీవారిని మనమడుగుదము. అయినను బాట వచ్చువఱకు పిల్లవాడు ఆగడు. రేపు ఉదయముననే వాడు పోవలెను. పరుల విధి నెరవేఱువఱకు మన విధిని వాయిదా వేయుట పెద్దలకు తగదు.

సైకిలులో ఇంత అపాయమున్నచో మోటారు సైకిలే మేలని తలంచు తండ్రులు కొందఱు గలరు. తొమ్మిదవ తరగతి బాలుడు తండ్రి బండిని నడుపుకొనివచ్చి బడికి రెండు వీధుల అవతల దాచుట నేనెఱుగుదును. అయ్యలారా, 2019 సవరణ ననుసరించి మైనరు మోటారు నడిపి నేరము చేసిన యెడల తల్లిదండ్రులకు గాని బండి యజమానికి గాని మూడేండ్ల వఱకు జైలును, 25,000 రూపాయల జరిమానాయు కలుగవచ్చును. బండి రిజిస్ట్రేషనును ఏడాది రద్దు చేయుదురు. జరిమానాకు వెఱచి గాదు, పిల్లవానికై మానుడు. పదునైదు కిలోమీటర్ల వేగమున చేసిన పొరపాటునకు మోకాలు చెక్కుకొనిపోవును. అఱువది కిలోమీటర్ల వేగమున చేసినదానిని దిద్దుకొనుటకు తఱచుగా సమయముండదు.

ఊరక విమర్శించుట సులభము గనుక నా మనవిని స్పష్టముగా చెప్పుచున్నాను. జూనులో బడి తెఱచిన మొదటి వారమున ఒక శనివారమును సైకిళ్ల దినముగా ఏర్పఱుపవలెను. ప్రతి సైకిలునకు దీపములు, రిఫ్లెక్టరు, రెండు బ్రేకులు, బెల్లు, చైను, టైర్లు చూచి, సరిగా నున్నదానికి చిన్న కాగితపు బిళ్ల అంటింపవలెను. క్రొత్తగా త్రొక్కువారిని ఆటస్థలమున త్రొక్కించి, చేయి చాచి మలుపు తిరుగుట, వెనుకకు చూచుట, నిలుపుట పరీక్షింపవలెను. దీపము కొనలేని పిల్లలకు పాత విద్యార్థుల నిధినుండి ఈయవలెను. ఇచ్చుట నలుగురి యెదుట గాకుండవలెను. షెడ్డులో ఒక గాలిపంపును, నాలుగు పానాలును, నూనె డబ్బాయు నుంచవలెను. చలికాలమున ప్రత్యేక తరగతులను సాయంకాలము మాని ఉదయమునకు మార్చవలెను. సాయంకాలము గేటు తెఱచినప్పుడు సైకిళ్లును నడచువారును ముందు, మోటారు బండ్లు పది నిమిషముల తరువాత పోవలెను. వీనిలో దేనికిని పెద్ద ధనము అక్కఱలేదు. ఎవరో యొకరు నిలిచి చూచుట కావలెను.

బిళ్ల లేని సైకిలును ఇంటికి పంపివేయుదురా యని విద్యార్థులు భయపడనక్కఱలేదు. బాగుచేయించి పంపుదుము. మీ రెండు చక్రముల స్వేచ్ఛను తగ్గించుటకు గాదు, అది మీకు పదికాలములు నిలుచుటకే ఈ ప్రయాస మంతయు.

ఆ బాలుడు ఈ జూనులో మరల బడికి వచ్చెను. కొంచెము కుంటుచున్నాడు గాని సైకిలు మానలేదు. మొదటి సాయంకాలము షెడ్డునొద్ద నన్ను చూచి, వెనుక దీపమును వెలిగించి, "ఉన్నదండి మాష్టారూ" అని నవ్వెను. పిమ్మట నా సైకిలు వెనుకకు వంగి చూచెను. అదృష్టవశమున నాదానికిని అప్పటికి దీపమున్నది. సైకిళ్ల దినమున మొదటి వరుసలో ఉపాధ్యాయుల సైకిళ్లే నిలువవలెనని, వానిని పరీక్షించువారు విద్యార్థులే కావలెనని నా కడపటి మనవి.